చేతికి తగ్గ పాడిల్

"ఎక్కడ నొప్పి?"

"క్రీమ్ పిండేటప్పుడండి."

"ఎప్పుడని కాదు, ఎక్కడని అడిగాను."

అతను కుడి మోచెయ్యి చూపించాడు. అతనికి సొంతంగా చిన్న బేకరీ ఉంది. కేకుల మీద పేర్లు రాయటంలో చెయ్యి తిరిగినవాడు. అలాంటిది నిన్న ఒక పుట్టినరోజు కేకు మీద అతను రాసిన అక్షరాలు చెదిరిన చీమలబారులా వంకర్లు పోయాయి. అది చూసి వాళ్లక్క బలవంతాన ఈ ఫిజియోథెరపీ క్లినిక్‌కి తరిమింది.

ఫిజియో అమ్మాయి మోచేతి ఎముక పక్కన బొటనవేలితో నొక్కింది. అతను కుర్చీలోంచి బెత్తెడు లేచాడు.

"క్రీమ్ పిండితే ఇంత రాదు. ఈ చేత్తో ఇంకేం చేస్తున్నారు?"

"ఏమీ లేదండి" అంటూనే కాలితో తన సంచిని కుర్చీ కిందికి తోశాడు. సంచిలోంచి నల్లటి పిడి ఒకటి బయటికి తొంగిచూస్తోంది.

"అదేంటి?"

"పాడిల్. పికిల్‌బాల్ ఆడే బ్యాటు. చిన్న కోర్టులో, టెన్నిస్ లాంటి ఆటండి."

ఆమె దాన్ని లాగి చూసింది. పొడుగ్గా, సన్నగా నిగనిగలాడుతోంది. మీద ఎర్రటి మెరుపు బొమ్మ.

"ఎన్నాళ్లుగా ఆడుతున్నారు?"

"రెండో నెలండి. మా బావ ఏళ్ల తరబడి టెన్నిస్ ఆడి ఇటొచ్చాడు. ఆయన ముందు తేలిపోకూడదని..."

"ఆయన వాడేదే మీరూ కొన్నారు."

"లేదండి. అంతకంటే గట్టిది కొన్నాను."

ఆమె పెదవి ఒక పక్కకి కదిలింది. వెంటనే సర్దుకుంది.

"ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడని విన్నాను. ఆట రాకముందే పెద్ద మద్దెల కొన్నవాళ్లని ఇప్పుడే చూస్తున్నా. ఇది బాగా ఆట వచ్చినవాళ్లది. బంతి సరిగ్గా మధ్యలో తగిలితే దూసుకుపోతుంది. పక్కన తగిలితే ఆ అదురంతా మోచేతికే. మీకు ఎక్కడ తగులుతుంది?"

"ఎక్కువగా... తగలదండి."

ఆమె తల తిప్పుకుని కాగితం మీద ఏదో రాసుకుంది. రాయటానికి అంతసేపు ఏముందో అతనికి అర్థం కాలేదు.

ఆరోజు నుంచి ఆట బంద్. వారానికి రెండుసార్లు క్లినిక్. రబ్బరు పట్టీ లాగటం, చిన్న డంబెల్ ఎత్తటం. వచ్చినప్పుడల్లా అతను ఒక కేకు ముక్క తెచ్చేవాడు. దాని మీద ఒక మాట రాసి ఉండేది. మొదట 'నొప్పి' అని రాస్తే 'నక్క' అని చదివింది ఆమె. మూడో వారానికి 'తగ్గింది' అన్న మాట ముత్యంలా వచ్చింది.

"మీకు ఆట వచ్చా?" అని అడిగాడు ఒకరోజు.

"ఆట రాదు. ఆడినవాళ్ల మోచేతులు వచ్చు."

"నేను నేర్పుతాను."

"మీరా?"

"రూల్సన్నీ కంఠస్థమండి. నెట్ దగ్గర జాగాని కిచెన్ అంటారు. అందులో నిలబడి బంతిని నేల తాకకముందే కొడితే ఫౌల్. పొద్దస్తమానం వంటింట్లో ఉండేవాణ్ని, నా కాలు అటే లాగుతుంది. మా బావకి సగం పాయింట్లు అలాగే వస్తాయి."

ఆమె పకపకా నవ్వేసింది. తెర అవతల పెద్ద ఫిజియోగారు దగ్గారు.

ఇక మెల్లగా ఆడుకోవచ్చని ఆమె చెప్పిన రోజు ఒక షరతు పెట్టింది. పాడిల్ మార్చాలి.

"షాపుకి నేనూ వస్తాను. మీ ఒక్కరినే పంపితే మళ్లీ మెరుపు బొమ్మే తెస్తారు."

షాపులో గోడ నిండా పాడిల్స్. కౌంటర్ దగ్గరి అమ్మాయి మర్యాదగా అడిగింది. "మీ లెవెల్ ఏంటి సార్?"

"ఇంటర్మీడియట్."

ఫిజియో గొంతు సవరించుకుంది.

"బిగినర్" అన్నాడు.

"అంతకంటే కింద ఏమైనా ఉందా?" అని అడిగింది ఫిజియో.

కౌంటర్ అమ్మాయి నవ్వాపుకుంటూ ఒకటి తీసిచ్చింది. వెడల్పుగా, కాస్త మందంగా, తేలిగ్గా ఉంది. బంతి ఎక్కడ తగిలినా అంతో ఇంతో తిన్నగానే పోతుందట. చెయ్యి అంతగా అదరదట. చూడటానికి మాత్రం రొట్టె పలకలా ఉందని అతని దిగులు.

"పిడి చూద్దాం. పట్టుకోండి" అంది ఫిజియో. "వేళ్ల చివరలకీ అరచేతికీ మధ్య ఒక వేలు దూరాలి. అప్పుడే సైజు సరైనట్టు."

తన చూపుడువేలు ఆ సందులో పెట్టింది. సరిగ్గా దూరింది.

తర్వాత ఆ వేలు బయటికి రావాలి. రాలేదు. అతను పాడిల్ వైపే చూస్తున్నాడు. ఆమె కూడా పాడిల్ వైపే చూస్తోంది. ఇద్దరూ దాని మీద ఏదో చదువుతున్నట్టు నిలబడిపోయారు.

"సైజు సరిపోయిందా మేడమ్?" అంది కౌంటర్ అమ్మాయి.

"ఆ. సరిపోయింది" అని ఆమె చటుక్కున వేలు తీసేసుకుని, పక్కనున్న బూట్ల ధరలన్నీ శ్రద్ధగా చూసింది.

ఆ తర్వాతి సారి క్లినిక్‌కి వెళితే తెర వెనక పెద్ద ఫిజియోగారు కూర్చుని ఉన్నారు. "ఇకనుంచి మిమ్మల్ని నేను చూస్తాను" అన్నారు. ఆమె వైపు తెర వేసి ఉంది. దాని తర్వాతి సారి కూడా అంతే.

ఇంట్లో అక్క అడిగింది. "ముఖం అలా పెట్టావేంట్రా? ఆ అమ్మాయిని ఏమన్నావు?"

"ఏమీ అనలేదక్కా."

"అదేరా నువ్వు చేసిన తప్పు."

ఆ మాట అతనికి నిద్ర పట్టనివ్వలేదు. మర్నాడు పెద్దాయన చెయ్యి వంచుతుంటే ఉండబట్టలేక అడిగేశాడు. "సార్, ఆవిడకి నా మీద కోపమా?"

"కోపమొస్తే నా దగ్గరికి పంపదు. ఇంకో నాలుగు వ్యాయామాలు ఎక్కువిస్తుంది." ఆయన చెయ్యి వంచటం ఆపలేదు. "తన పేషెంట్‌గా మీరుండటం ఇక పద్ధతి కాదంది. ఎందుకని నేనడగలేదు. నాకూ పెళ్లయింది కదా."

బయట వాన మొదలైంది. ఆమె క్లినిక్ మెట్ల మీద, గొడుగు తెచ్చుకోని మనుషుల మధ్య నిలబడి ఉంది. అతను వెళ్లి పక్కన నిలబడ్డాడు.

"నన్ను వేరేవాళ్లకి అప్పగించేశారు."

"పేషెంట్‌తో బయటికి వెళ్లకూడదు. షాపుకి రావటమే ఎక్కువైంది."

"నేను మిమ్మల్ని ఎక్కడికీ పిలవలేదు కదండీ."

"పిలుస్తారేమోనని."

జల్లు మెట్ల మీదికి కొట్టింది. ఇద్దరూ కాస్త వెనక్కి జరిగారు. భుజాలు తగిలాయి. ఈసారి ఎవరూ దూరం జరగలేదు.

"పిలవకపోతే?" అన్నాడు.

"ఈ వారం చూసి నేనే పిలిచేదాన్ని." ఆమె వానవైపే చూస్తూ చెప్పింది. "మీ చెయ్యి నయమైంది. నా సంగతే బాలేదు. తెర తీసినప్పుడల్లా మీరున్నారేమోనని చూస్తున్నాను."

అతనికి చెప్పాల్సినవి బోలెడున్నాయి. "నేనూ అంతేనండి" అన్నది మాత్రం బయటపడింది. అది చాలినట్టు ఆమె అతని చేతిలో చెయ్యి వేసింది.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ కోర్టుకి వెళ్లారు. అవతల బావ, అక్క. ఇవతల వీళ్లు. బంతులు ఈసారి పాడిల్‌కి తగిలాయి, చాలావరకు గీత లోపలే పడ్డాయి. అయినా చిత్తుగా ఓడిపోయారు. బావ గెలిచిన ఆనందంలో నీళ్లసీసా ఎత్తి తాగుతుంటే, అక్క ఆమెని పక్కకి పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టుకుంది.

"చూడమ్మా, వీడి ఆట కళ్లారా చూశావు. దాచటానికేమీ లేదు. మరి మా ఇంటి కోడలిగా వస్తావా?"

ఆమె అతనివైపు చూసింది. అతను నెట్ అవతల పడ్డ బంతులు ఏరుతూ, ఒక చెవి ఇటే వేసి ఉన్నాడు.

"ఆట సంగతి మొదటిరోజే తెలుసండి" అంది. "మనిషిని చూసే వస్తున్నాను."