మిగిలిపోయిన కుడి చెంప

బెజవాడలో బందరు కాలువ గట్టున హనుమయ్య సెలూన్ ముందు నుంచి, దీపాలు పెట్టాక ఎవరూ నడిచేవారు కాదు. డెబ్భై మూడో, నాలుగో... కరెంటు కోతల రోజులు. వెనక సందులో మోకాలిబంటి మురుగు తొక్కుకుంటూ చుట్టూ తిరిగి పోయేవారు. కాళ్లకు మురుగంటినా ఫరవాలేదు, గాలి మాత్రం సోకకూడదు!

మా బెజవాడ జనానికి భయపడటానికి తీరిక ఎక్కువ. నేను బందరులో బి.ఏ. చదివేటప్పుడు మా లాజిక్ మాస్టారు దెయ్యాల్ని ఉతికి ఆరేసేవారు. చీకటి పడితే దొడ్లోకి భార్యని తోడు తీసుకుపోయేవారని తర్వాత తెలిసింది. సరే, ఆ గోల ఇప్పుడెందుకు.

హనుమయ్య పోయిన తీరు చెప్పాలి. ఆ పొద్దున కుర్చీలో కూర్చున్నది ఆ సెలూన్ గది యజమాని తిరుపతిరావే. ఎడమ చెంప అయింది. కుడి చెంపకి సబ్బు రాసి, కత్తిని ఒకసారి సానరాయికి రాద్దామని వంగాడు హనుమయ్య. రాయి మీద నీళ్లు చిలకరించాడు. "రాయి ఆరితే కత్తి కరుస్తుందండీ" అనేవాడు ఎప్పుడూ. ఆ రోజు ఆ మాట పూర్తి కాలేదు. ఒక దగ్గు దగ్గి, అలాగే ఒరిగిపోయాడు.

తిరుపతిరావు వంగి చూడలేదు. కేకైనా వెయ్యలేదు. మెళ్లో తువ్వాలుతోనే ఎదుటి సెలూన్‌కి నడిచి, "తొందరగా కానీ, కోర్టులో పనుంది" అన్నాడు.

ఎదుటివాడు కత్తి మడిచేశాడు. "ఒకరు మొదలెట్టిన గడ్డం ఇంకొకరు ముట్టరండి. ఆయన్నే పూర్తి చెయ్యమనండి."

సగం మొహంతో, వీధి వీధంతా చూస్తుండగా ఇంటికి పోయాడు మనవాడు. సిగ్గు పడ్డాడనుకుంటున్నారా? పెద్దకర్మ అయీ అవకముందే హనుమయ్య భార్య మాణిక్యాన్ని గది ఖాళీ చెయ్యమన్నాడు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టులు అమ్మే ఒకాయన అడుగుతున్నాడట. మాణిక్యానికి ఆ గది తప్ప వేరే ఆధారం లేదు. తాళం ఇవ్వనంది.

అప్పుడు మొదలైంది చప్పుడు.

దీపాల వేళ, మూసిన తలుపుల వెనక— స్స్... స్స్... మధ్యలో, టప్... అని ఒక నీటిచుక్క. మళ్లీ స్స్...

టీ కొట్టు లాజరు గొంతు తగ్గించి చెప్పేవాడు. "తడిరాయి మీద కత్తండీ అది. పొడి రాయైతే గరగరమంటది. కుడి చెంప మిగిలిపోయింది గదా... దానికోసం నూరుతున్నాడు."

"నీతో చెప్పాడా?"

"మీరు చదువుకున్నోళ్లు. మీకు ఎకసెక్కాలుగానే ఉంటది."

ఈ మాట ఆటోనగర్ ఆయన చెవినా పడింది. ఆ చప్పుడు సంగతి తేలితేనే గది తీసుకుంటానన్నాడు. లారీ ఇంజన్లు విప్పి పోసే మనిషి ధైర్యం అంతే. తిరుపతిరావుకి మండింది. "ఆ రాయి తీసుకెళ్లి కాలువలో పారేస్తా. రాయే లేకపోతే చప్పుడెక్కడిది?"

ఇక తిరుపతిరావు నోట నేను విన్నది.

ఆ సాయంత్రం కరెంటు పోయింది. తన దగ్గరున్న మారు తాళంచెవితో వెనక తలుపు తీసి లోపలికి వెళ్లాడు. టార్చి ఉంది, కానీ వెలిగిస్తే ఎవరైనా చూసి మాణిక్యానికి చెబుతారని వెలిగించలేదు. తన గదిలోకి తనే దొంగలా...

చీకటి. సబ్బు వాసన. స్స్... స్స్...

ఆగింది.

టప్.

వెనక్కి తిరగబోయి, కుర్చీ తగిలి అందులోనే కూలబడ్డాడు. చల్లటి తడిచెయ్యి ఒకటి గడ్డం పట్టుకుని, మొహం పక్కకి తిప్పింది. చెవి పక్కన ఒక దగ్గు... ఆ తర్వాత సన్నగా—

"కదలకండి... సగమే అయింది."

చెవి కింద నుంచి దవడ దాకా ఏదో చల్లగా జారింది. మళ్లీ. మళ్లీ.

ఇంటికెలా వచ్చి పడ్డాడో ఆయనకే తెలీదు. భార్య శివపార్వతి లాంతరు పైకెత్తి చూసి, "అదేంటండీ, ఒక్క చెంపే గీయించుకొచ్చారు?" అంది.

రెండ్రోజుల మాసిన గడ్డంలో కుడి చెంప ఒక్కటీ అద్దంలా ఉంది. చిన్న గాటు కూడా లేదు.

మర్నాడు, "ఆ గదిలో ఉన్నన్నాళ్లూ ఉండమనండి" అని మాణిక్యానికి నాతో కబురు పంపాడు. ఆ గుమ్మం తొక్కే దమ్ము తనకి లేదు మరి.

నాకు నవ్వాగలేదు. కబురు చెప్పి, "ఆ గడ్డం గీసింది నువ్వేగా మాణిక్యం?" అన్నాను.

"నేనే బాబుగారూ." రాయి మీద నీళ్లు చిలకరిస్తూ నవ్వింది. "ఆయన ఉన్నప్పుడూ సాయంత్రాలు కత్తులు నూరేది నేనే. ఇప్పుడు వేరే సెలూన్ల వాళ్లు చాటుగా తెచ్చిస్తున్నారు. ఆడది నూరిన కత్తంటే ఎవరైనా గడ్డం అప్పగిస్తారా? అందుకే తలుపేసుకుని, దీపం లేకుండా. రాయి ఆరిందో లేదో వేలికి తెలుస్తుంది, కళ్లతో పనిలేదు."

పైన వేలాడుతున్న చిల్లుడబ్బా చూపించింది. టప్... అని రాయి మీద చుక్క పడింది.

ఇదీ దెయ్యం. దీనికి ఊరు ఊరంతా మురుగు తొక్కింది.

"ఆయన చేతిపని సగంలో ఉండిపోకూడదని గీశాను," అంది.

"బాగా చేశావు. ఆ హనుమయ్య దగ్గు కూడా భలే దగ్గావు. 'కదలకండి' అనేసరికి వాడికి పైప్రాణాలు పైనే పోయాయట."

రాయి మీద ఆమె చెయ్యి ఆగింది.

"నేను నోరు విప్పలేదు బాబుగారూ. ఆడగొంతు వింటే పట్టుకునేవారు కాదూ?" ఖాళీ కుర్చీ వైపు చూసి, గొంతు బాగా తగ్గించింది. "ఆ మాట... నేనూ విన్నాను."

దెయ్యాలు లేవని ఇప్పటికీ చెబుతాను. గడ్డం మాత్రం అప్పట్నుంచీ ఇంట్లోనే గీసుకుంటున్నాను.