నూట పది దాటని గుండె

"నా వల్లే మనిషి పడిపోయాడంటున్నారండీ," అంటూ ఫిజియోథెరపిస్టు డిటెక్టివ్ ఆఫీసు కుర్చీలో కూలబడింది. గుండెపోటు నుంచి తేరుకుంటున్న స్కూలు మాస్టారొకాయన ఆమె కళ్లముందే ట్రెడ్‌మిల్ మీద కుప్పకూలి ఆస్పత్రి పాలయ్యాడు. ఆయన రొప్పుతున్నా ఆపలేదని వ్యాయామ కేంద్రం యజమాని ఫిర్యాదు రాసి, ఆమె లైసెన్సుకే ఎసరు పెట్టాడు.

డిటెక్టివ్‌కు కోపమొస్తే గొంతు తగ్గుతుందని ఆయన సహాయకురాలికి తెలుసు. ఆ రోజు దారంతా ఆయన మాట వినడానికి ఆమె చెవులు రిక్కించాల్సి వచ్చింది.

ఆస్పత్రి వరండాలో మాస్టారి భార్య మందుల డబ్బా తెరిచింది. నాడిని నెమ్మదింపజేసే మాత్ర పాత అట్ట మీద ఇరవై ఐదు మిల్లీగ్రాములని ఉంది, వారం కిందట మొదలుపెట్టిన అట్ట మీద యాభై. డాక్టరు రాసిన కొత్త చీటీ కేంద్రం కౌంటర్లో ఇచ్చానంది. అది తన చేతికి రాలేదంది వెంట వచ్చిన థెరపిస్టు.

కేంద్రంలో మాస్టారి కార్డు నెల నాటిది. నాడి నిమిషానికి నూట పది దాటకూడదని అందులో ఉంది. ఆయన పడిపోయినప్పుడు మెషిన్‌లో నమోదైంది నూట నాలుగే. గోడ మీద "మాట్లాడరాదు" అన్న కాగితం కొత్తగా మెరుస్తోంది. మందుల చీటీ ఏదైనా వచ్చిందా అని అడిగితే, రానేలేదన్నాడు యజమాని. "అయినా మాత్ర యాభై చేస్తే ఆవిడే కనిపెట్టుకోవాలి. మనిషి వాలకం చూస్తే తెలియదా?"

మర్నాడు డిటెక్టివ్ అందరినీ ట్రెడ్‌మిల్ చుట్టూ నిలబెట్టాడు.

"ఆ మాత్ర నాడిని కిందికి లాగుతుంది. గుండె అలిసిపోతున్నా అంకె పెరగదు. మందు మారితే మళ్లీ పరీక్ష చేసి హద్దు మార్చాలి. సగం రోజు పట్టే ఆ పరీక్షకు బద్ధకించి మీరు చీటీ తొక్కిపెట్టారు," అన్నాడు యజమానితో.

"నేను చూడలేదన్నానుగా."

"యాభై అని నేను మీకు చెప్పలేదు. మరెవరు చెప్పారు?"

డిటెక్టివ్ గోడ మీది కాగితం వైపు చెయ్యి చూపించాడు.

"ఈవిడ రోగుల్ని మాట్లాడిస్తూ నడిపించేది. మాట మధ్యలో ఊపిరి తెగితే ఆపేసేది. గోలగా ఉందని ఆ దారీ మీరే మూశారు."

సహాయకురాలికి ఒళ్లు మండిపోయింది. ఒక కాగితం దాచి, ఇంకోటి గోడకు అతికించి, నేరమంతా ఉద్యోగి నెత్తిన రుద్దాడు పెద్దమనిషి.

జరిగిందేదో జరిగింది, రేపట్నుంచి పనిలోకి రమ్మని గొణిగాడు యజమాని. థెరపిస్టు అతని ముందు పెన్ను పెట్టింది.

"ముందు తప్పు మీదేనని రాయండి. తర్వాత నా రాజీనామా నేను రాస్తాను. మాస్టార్ని వాళ్లింటికెళ్లి నడిపిస్తాను."

అతను రాసేదాకా ఎవరూ కదల్లేదు.