ఒక అట్లకాడ, రెండు పార్టీలు

నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె చెయ్యి ఎవరింటిదో తలుపులో ఇరుక్కుని ఉంది.

ఏప్రిల్ వాన. చర్చి వీధిలో పద్నాలుగో నంబరు ఇల్లు. తలుపుకున్న ఉత్తరాల సందులో నాలుగు వేళ్ళు, లోపల కుక్క మొరుగుడు, బయట కోటుకి నీలం రిబ్బను పువ్వు పెట్టుకున్న అమ్మాయి. అంటే కన్సర్వేటివ్ పార్టీ తరఫున తిరుగుతోంది. నా కోటుకి పసుపు పువ్వు. మా ఊరి కౌన్సిల్ ఎన్నికల్లో నేను లిబరల్ పార్టీ అభ్యర్థిని.

"నవ్వకండి," అంది తల తిప్పకుండానే.

"నవ్వలేదండీ."

"తలుపు అద్దంలో కనబడుతున్నారు. భుజాలు ఊగుతున్నాయి."

జేబులోంచి చెక్క అట్లకాడ తీశాను. కుక్కలున్న ఇంట్లో కరపత్రాన్ని దాంతోనే లోపలికి తొయ్యాలని ఎన్నికల్లో తిరిగినవాళ్ళందరికీ తెలుసు. సందు మీది రేకుని దాంతో పైకెత్తాను. కుక్క అట్లకాడని కరిచింది, చెయ్యి బయటికొచ్చింది.

"మీ పార్టీవాళ్ళు అట్లకాడ ఇవ్వరా?"

"ఇచ్చారు. మా నానమ్మ దాంతో ఆమ్లెట్ వేస్తోంది." అంటూనే నా అట్లకాడ లాక్కుంది. "ఇంకా ముప్ఫై ఇళ్ళున్నాయి. ఇది నాక్కావాలి."

"అది లిబరల్ పార్టీ ఆస్తి!"

"జాతీయం చేశాననుకోండి."

"మీ పార్టీకి జాతీయం అంటే పడదుగా?"

"ఎవరికీ చెప్పకండి," అని నవ్వింది.

పేరు టాంసిన్ హాలెట్. నా పని అయిపోయిందని అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత వారం రోజులూ ఏ వీధికెళ్ళినా ఎదురుపడింది. నిజం చెప్పాలంటే, తను ఏ వీధికెళ్తుందో కనుక్కునే నేనూ వెళ్ళాను. వానొస్తే ఒకే గొడుగు. గొడుగు నీలం రంగుది కాబట్టి తల మాత్రమే పెడతాననీ, అభిప్రాయాలు బయటే ఉంచుతాననీ చెప్పాను.

"అభిప్రాయాలు తడిస్తే కాస్త మెత్తబడతాయిలెండి," అంది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. కన్సర్వేటివులంటే ఉన్న వాటికల్లా తాళాలు వేసుకునే మనుషులని నా నమ్మకం. మా ఊరు వెథర్‌కోట్‌లో లైబ్రరీకి నిధులు ఆపేసింది వాళ్ళ కౌన్సిలే. అందుకే నా కరపత్రంలో రాశాను: 'లైబ్రరీకి తాళం పడినప్పుడు నీలం పార్టీవాళ్ళలో ఒక్కరి కంట కూడా చుక్క నీరు రాలేదు.' ఆ వాక్యం చూసుకుని రెండ్రోజులు మురిసిపోయాను.

శనివారం మధ్యాహ్నం టాంసిన్ మా గుమ్మంలో నిలబడింది. చేతిలో ఆ కరపత్రం.

"ఇది రాసింది మీరేనా?"

"బాగుందా?" అన్నాను. అంత తెలివి నాది.

"ఆ లైబ్రరీని ప్రతి శనివారం ఎవరు తెరుస్తున్నారో తెలుసా?"

"ఎవరో వాలంటీర్లు..."

"పేర్లు చెప్పండి."

తెలీదు. లైబ్రరీ గురించి ప్రచారం చెయ్యడంలో పడి శనివారాలు నేనెప్పుడూ లైబ్రరీకి వెళ్ళలేదు.

"తొమ్మిదిమంది. ఏడుగురి కిటికీల్లో మా పార్టీ పోస్టరే ఉంది. తాళంచెవి మా నానమ్మ దగ్గరుంటుంది. నిధులు ఆపిన రోజు కౌన్సిల్ మెట్ల మీద నిలబడి సొంత పార్టీవాళ్ళని కడిగేసింది. ఇంటికొచ్చి ఏడ్చింది. ఇవాళ మీ కాగితం చదివి, తాళంచెవి బల్ల మీద పడేసి, ఇంక వెళ్ళనంది. రెండేళ్ళలో మొదటిసారి లైబ్రరీ తెరుచుకోలేదు."

"కానీ మూసింది మీ పార్టీయేగా?"

"అవును. తప్పే. అది వందసార్లు రాయండి, ఒప్పుకుంటాను. ఎవరూ ఏడవలేదని మీకెవరు చెప్పారు?"

అట్లకాడ గుమ్మం మీద పెట్టి వానలో వెళ్ళిపోయింది. గొడుగు కూడా తెరవలేదు.

ఆ రాత్రి కరపత్రం మళ్ళీ మళ్ళీ చదివాను. ఆమె దూరమైందన్న బాధ ఒకటి, ఆమె అన్నది నిజమన్న సిగ్గు ఒకటి.

సోమవారం మా ప్రచారం చూసే క్లైవ్‌తో, తప్పు దిద్దుతూ ఇంకో కరపత్రం వేస్తానన్నాను.

"పోలింగుకి పదిరోజులుంది! ఇప్పుడా క్షమాపణ? మతి పోయిందా? గెలిచే సీటు పోతుందయ్యా!"

"పోతే పోనీ," అన్నాను. ఆ సీటు కోసం మూడేళ్ళు చెప్పులరిగేలా తిరిగాను.

ఇంట్లో నేనే అచ్చు వేసుకున్నాను. 'లైబ్రరీ నిధులు ఆపింది కన్సర్వేటివ్ కౌన్సిలే. ఆ మాట మీద నిలబడతాను. ఎవరి కంటా నీరు రాలేదనడం మాత్రం అబద్ధం. ఆ తలుపు తెరుస్తున్నవాళ్ళలో చాలామంది నాకు ఓటెయ్యరు. వాళ్ళకి నా క్షమాపణ. రోలండ్ టైస్.'

వార్డంతా ఒక్కణ్ణే పంచాను. శనివారం పొద్దున చివరికి మిగిలింది హాలెట్ల ఇల్లు. తలుపు తట్టే ధైర్యం లేక, సందులోంచి కాగితాన్ని అట్లకాడతో తోశాను. కాగితం వెళ్ళింది. అట్లకాడ వెనక్కి రాలేదు.

లాగాను. అటునించి కూడా లాగారు.

"మీ ఇంట్లో కుక్క ఉందా?"

"లేదు. నానమ్మకి చదివి వినిపిస్తున్నాను, ఆగు," అంది టాంసిన్ గొంతు.

'ఆగు' అంది. అప్పటిదాకా 'మీరు' అనేది. లోపల ఎవరో ముక్కు చీదుకున్నారు.

"అట్లకాడ వదులు, టాంసిన్."

"నువ్వే వదులు."

"వదల్ను. నువ్వంటే నాకిష్టం. మీ పార్టీ అంటే కాదు. అయినా నువ్వంటే ఇష్టం."

"ఇలాంటివి ఉత్తరాల సందులోంచి చెప్తారా ఎవరైనా?"

"తలుపు తియ్యి, మొహం చూసి చెప్తాను."

"తియ్యవే తల్లీ, చలిగాలి కొడుతోంది!" అని పెద్దావిడ కేక.

తలుపు తెరుచుకుంది. టాంసిన్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదవులు నవ్వుతున్నాయి. వెనకాల వాళ్ళ నానమ్మ, ఎనిడ్ మామ్మగారు, కోటు వేసుకుంటున్నారు. చేతిలో పాత ఇత్తడి తాళంచెవి.

"పదింటికి లైబ్రరీ తెరవాలి. పుస్తకాల పెట్టెలు మొయ్యడానికి మనిషి కావాలి, రా," అన్నారు నాతో. గేటు దగ్గర ఆగి నా పసుపు పువ్వుని ఎగాదిగా చూశారు. "అబ్బాయ్, మా పిల్లని ఏం అడగాలనుకుంటే అది అడుగు. ఓటు మాత్రం ఛస్తే వెయ్యను."

"అడగను మామ్మగారూ."

వెయ్యలేదు కూడా. పన్నెండు ఓట్లతో ఓడిపోయాను. క్లైవ్ ఇప్పటికీ ఆ పన్నెండుమందీ ఎవరై ఉంటారా అని లెక్కలేస్తుంటాడు.

ఓడిన మరుసటి శనివారం లైబ్రరీ ముందు టాంసిన్ నా చెయ్యి పట్టుకుని నిలబడింది. మామ్మగారు మా ఇద్దర్నీ చూసి, తాళంచెవి నా చేతిలో పెట్టారు.