కుదరదన్న డాక్టరు

"డాక్టర్ ఎర్నార్ అంటే మీరేనా?"

తలుపు తోసుకొచ్చిన అమ్మాయి జుట్టులోంచి వాననీళ్లు కారుతున్నాయి. కళ్లలో మాత్రం నిప్పులు.

"నేనే. అపాయింట్‌మెంట్ ఉందా?"

"మీరే ఇచ్చారుగా! ఒకటో తారీఖున బిష్కెక్ వచ్చి చేరతానని. మీరు రాలేదు, నేనే ఆల్మాటీ వచ్చాను. నా పేరు జిబెక్."

కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్‌లోని పిల్లల ఆసుపత్రిలో ఉద్యోగాల భర్తీ చూసేది జిబెక్. పసిపిల్లల మెదడులో గడ్డలకు వైద్యం చేసే స్పెషలిస్టు కోసం రెండేళ్లుగా ఆమె తట్టని తలుపు లేదు. ఆఖరికి ఎర్నార్ సరేనన్నాడు. వార్డంతా పండగ చేసుకుంది. తీరా సోమవారం నాడు అతని నుంచి ఒక్క ముక్క వచ్చింది. 'కుదరదు.'

సరిగ్గా అప్పుడే వార్డులో ఉన్న ఐదేళ్ల బేగిమాయ్ వాళ్ల నాన్న ఎదురొచ్చి, "కొత్త డాక్టరుగారు ఎప్పుడొస్తారమ్మా?" అని అడిగాడు. మర్నాడు తెల్లారగానే జిబెక్ వ్యానెక్కి, కజకిస్తాన్ సరిహద్దు దగ్గర రెండు గంటలు వానలో నిలబడి ఇలా వచ్చిపడింది.

"కిర్గిజ్‌లు అందరూ ఇలాగే అరుస్తారా?" అన్నాడు ఎర్నార్.

"కజఖ్‌లు మాట తప్పినప్పుడు మాత్రమే!"

జిబెక్ సంచిలోంచి బేగిమాయ్ స్కాన్ తీసి బల్లమీద పెట్టింది. "ఈ పాపకి చెప్పండి కుదరదని. నాకు కాదు."

ఎర్నార్ స్కాన్‌ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. తిరిగేసరికి అతని మొహం ఎర్రగా ఉంది.

"పాప కదలడంతో ఈ స్కాన్ సరిగ్గా రాలేదు. కదలకుండా ఉండాలంటే మత్తివ్వాలి. మీ దగ్గర పిల్లల మత్తు డాక్టరున్నారా? గడ్డ ఏ రకమో తేల్చే ల్యాబుందా? ఏవీ లేకుండా నేనొచ్చి ఏం చెయ్యాలి? పక్కన కూర్చుని చూస్తూ ఉండాలా? మీ డైరెక్టర్‌కి పది ప్రశ్నలు రాశాను. వచ్చిన జవాబు చూడండి!"

కంప్యూటర్ తెర ఆమెవైపు తిప్పాడు. డైరెక్టర్ రాసిన జవాబది. 'ముందు చేరండి, తర్వాత చూద్దాం.'

ఆ ఉత్తరాలు ఆమెకెవరూ చూపించలేదు. జవాబు కింద ఉన్న అతని ప్రశ్నల్లో పదోదాని దగ్గర జిబెక్ చూపు ఆగిపోయింది. 'రాత్రి పిల్లల పక్కన పడుకోవడానికి అమ్మలకి మంచాలున్నాయా?'

కోపం పోలేదు. అది చూపించాల్సిన మనిషి మారాడంతే.

"ఇది ప్రింటు తీసి నాకివ్వండి" అంది.

మర్నాడు బిష్కెక్‌లో డైరెక్టర్ గది తలుపు కూడా అలాగే తెరుచుకుంది.

"ఇది నాకెందుకు చూపించలేదండీ?"

"చూపిస్తే అరుస్తావని."

"ఇప్పుడు అరవట్లేదా?"

"వినపడుతోందిలే, కూర్చో."

ఆమె కూర్చోలేదు. "మత్తు డాక్టరు లేకుండా ఇంకో స్పెషలిస్టుని వెతకమంటే, నా ఉద్యోగానికి కూడా ప్రకటన వేసుకోండి."

సణుగుతూనే డైరెక్టర్ ఫోనందుకున్నాడు. పెద్దాసుపత్రి వాళ్లు వారానికి మూడు రోజులు పిల్లల మత్తు డాక్టర్ని పంపడానికి ఒప్పుకున్నారు. గడ్డ ముక్కల్ని పరీక్షకి ఆల్మాటీ పంపే ఏర్పాటూ అయింది. వార్డులోకి మడత మంచాలొచ్చాయి. ఒక్కో ప్రశ్నా తీరినప్పుడల్లా జిబెక్ ఎర్నార్‌కి ఫోన్ చేసేది. చెప్పాల్సింది నిమిషం, పోట్లాట అరగంట.

"మంచాలు ఎనిమిదే వచ్చాయా? పిల్లలు పదిమంది కదా!"

"మిగతా రెండూ మీరు నెత్తిన పెట్టుకుని రండి!"

ఫోన్ పెట్టేశాక ఒక్కతే నవ్వుకునేది. నవ్వుకున్నందుకు తనమీద తనకే కోపమొచ్చేది.

నాలుగో వారంలో అతనొచ్చాడు. రెండు రోజులు ఆసుపత్రంతా తిరిగి చూశాడు. శుక్రవారం సాయంత్రం వాన పడుతుంటే మెట్ల దగ్గర ఆమెని ఆపాడు.

"జిబెక్, మీరంటే నాకిష్టం."

ఆమె మొహం కందిపోయింది. సిగ్గుతో కాదు.

"అందుకా వచ్చింది? రేపు నేను కాదంటే? పిల్లల్ని వదిలేసి సరిహద్దు దాటేస్తారా? బేగిమాయ్ వాళ్ల నాన్నకి మళ్లీ నేనే మొహం చూపించాలా?"

"నిన్ననే సంతకం పెట్టేశాను. మూడేళ్లకి. మీరు అవునన్నా, కాదన్నా, చెంప పగలగొట్టినా సోమవారం పొద్దున బేగిమాయ్‌కి మందు మొదలుపెడతాను. ఆ పనికీ ఈ మాటకీ ముడి ఉండకూడదనే ఒకరోజు ఆగాను."

జిబెక్ నోరు తెరిచింది. వెతికి వెతికి తిట్టడానికి ఒక సాకు పట్టుకుంది.

"భర్తీ చూసేది నేనైతే, నాకు చెప్పకుండా సంతకమెలా పెడతారు?"

"తప్పే. మరి... జవాబు?"

ఆమె గొడుగు విప్పింది. సగం అతని మీదికి పట్టింది.

"ఆదివారం మా అమ్మ మంతీ కుడుములు ఉడికిస్తుంది. భోజనానికి రండి. ఆవిడ ముందు మాత్రం నాతో పోట్లాడకూడదు."

"మీరు పోట్లాడితే?"

"నేను పోట్లాడతాను. మీరు తింటూ వినాలి."