గాలి పీల్చే కెమెరా

"ఇది మీ తాతగారిదాండీ?" అని అడిగాను. నా నోటికి తాళం లేదని మా నాయనమ్మ ఊరికే అనదు.

కౌంటర్‌కి అవతల నిలబడ్డ అమ్మాయి కళ్లు పెద్దవి చేసింది. "మొన్న మంగళవారం బిగించాను. తయారుచేసింది నేనే."

బ్రాడీపేటలో మాది హార్మోనియంలు రిపేరు చేసే కొట్టు. చుట్టుపక్కల చర్చిల పెట్టెలన్నీ నా దగ్గరికే వస్తాయి. కెమెరా పట్టుకుని ఎవరూ రాలేదు. నల్ల తోలు తొడిగి, అంచులకు వెండి రంగు పట్టీ వేసి, చిన్న లంచ్ బాక్సంత ఉంది. ఆమె పక్కనున్న మీట నొక్కింది. ముందు తలుపు ఠక్కున తెరుచుకుని లెన్స్ బయటికొచ్చింది. దాని వెనక ముడతలు ముడతలుగా తోలు తిత్తి. అచ్చం మా హార్మోనియం తిత్తే!

"కొత్తదానికి ఈ పాత వేషం ఎందుకండీ?"

"మడిస్తే హ్యాండ్‌బ్యాగులో పడుతుంది. తెరిస్తే ఇంత పెద్ద ఫిల్ము మీద ఫోటో తీస్తుంది. పాతవాళ్ల ఆ ఆలోచనకంటే మంచిది నాకు దొరకలేదు. లోపల వెలుతురు కొలిచే లైట్ మీటర్ మాత్రం కొత్తది."

"ఫోన్‌తో పోయేదానికి ఇంత కష్టమా?"

"హార్మోనియం యాప్ కూడా ఉందండీ ఫోన్‌లో. కొట్టు మూసేస్తారా?"

కెమెరా చేతిలోకి తీసుకున్నాను.

పేరు మహిమ. మెకానికల్ చదివిందట. తిత్తి మూలల్లోంచి వెలుతురు లోపలికి పోయి ఫిల్ము పాడవుతోందట. "కొత్త తిత్తి కుట్టగలరా?"

"గాలినే పోనివ్వను. వెలుతురెంత?" అన్నాను గొప్పగా.

అసలు సంగతి తర్వాత చెప్పింది. బెంగళూరులో ఉన్న ఆమె సీనియర్ శరణ్య ఈ కెమెరా మీద పెట్టుబడి పెడతానంది. సోమవారం పొద్దున్నకల్లా ఒక్క మంచి ఫోటో చూపించమంది. నచ్చితే మహిమ గుంటూరులోనే వర్క్‌షాప్ పెట్టుకుంటుంది. నచ్చకపోతే బెంగళూరులో ఏదో కంపెనీలో ఉద్యోగం సిద్ధంగా ఉంది.

"వెళ్లిపోతారా?" అన్నాను. పరిచయమై అరగంట కూడా కాలేదు, ఆ మాట నాకెందుకో అస్సలు నచ్చలేదు.

ఆ వారమంతా రోజూ వచ్చింది. ఈ మెట్టు ఎందుకు మూలుగుతోంది, స్వరం పలికించే ఆ ఇత్తడి రీడుకి తుప్పు ఎందుకు పట్టదు, అన్నీ కావాలి ఆమెకి. నాకూ కెమెరా గురించి అన్నీ కావాలి. కెమెరా గురించేనా అంటే, ఏమో, నన్నడగొద్దు.

నేను కుట్టిన కొత్త తిత్తితో తీసిన నెగటివ్‌లు శనివారం పట్టుకుని వచ్చింది. ముఖంలో కళ లేదు.

"అంచులు బాగున్నాయి. నడిమధ్యలో మాత్రం అన్నీ మసక. వెలుతురు చుక్క కూడా కారలేదు, మీ పని బంగారం. నా లెన్సే చెడిందేమో. అయిపోయింది మార్క్ గారూ."

నా పని బాగుందని మురిసిపోవాలో, ఆమె వెళ్లిపోతుందని ఏడవాలో తెలియలేదు.

"ఒకసారి తెరవండి."

ఠక్.

"మళ్లీ."

ఠక్. "ఏం వింటున్నారండీ బాబూ?"

"గాలి పీలుస్తోంది."

ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. గబగబా కెమెరా వెనక తలుపు తీసి, పాడైన ఫిల్ము ముక్క అడ్డంగా పెట్టి రెండు చేతులా పట్టుకుంది. నేను మీట నొక్కాను. తిత్తి సాగగానే ఫిల్ము లోపలికి గుంట పడింది.

"మీరు దీన్ని హార్మోనియంలా కుట్టారు!"

"మరి చీమ ఊపిరి కూడా దూరకుండా కుట్టాను..."

"అందుకే గాలి దొరక్క ఫిల్మునే లాగేస్తోంది! లెన్స్ బాగానే ఉంది!" అని నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. తర్వాత ఇద్దరం ఆ చేతుల వంకే చూశాం. ఆమె వదిలేసింది. వదలకపోతే బాగుండేది.

"విప్పి మళ్లీ కుట్టనా?"

"టైం లేదు. నెమ్మదిగా తెరుద్దాం. తెరిచాకే రోల్ తిప్పుదాం, ఫిల్ము బిగుసుకుంటుంది. ఉన్నది ఒక్క రోలు, ఎనిమిది ఫోటోలే."

ఆదివారం చర్చి అవగానే నా బండి మీద ప్రత్తిపాడు వైపు పోయాం. అక్కడ కల్లంలో మా నాయనమ్మ పుల్లమ్మ మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. కనుచూపు మేరంతా ఎరుపే.

"ఎవర్రా ఈ పిల్ల?"

"కస్టమర్, నాయనమ్మా."

"కస్టమర్ని బండెక్కించుకుని ఎండలో తిప్పుతారంట్రా?" అని మహిమ వైపు తిరిగింది. "రంగు ఫోటోలేనా అమ్మా?"

"కాదండీ, బ్లాక్ అండ్ వైట్."

"ఓరి దేవుడో! ఎర్రటి కాయల్ని నల్లగా తీస్తావా? గుంటూరులో ఎవరూ నీకు పిల్లనివ్వరు!"

"నేనే పిల్లనండీ," అంది మహిమ. కూలీలంతా పగలబడి నవ్వారు.

కానీ ఘాటు ఆమెని వదల్లేదు. ప్రతిసారీ పద్ధతిగా తెరవడం, రోల్ తిప్పడం, నొక్కే క్షణంలోనే హాచ్ మని తుమ్మడం. ఏడు ఫోటోలు తుమ్ముల్లోనే పోయాయి. ఎనిమిదోది ఆఖరిది.

అప్పుడే మబ్బు కమ్మింది. "వానొస్తోంది, పట్టాలు లాగండి!" అని నాయనమ్మ కేక. మహిమ కెమెరా మడిచి చున్నీలో దాచుకుంది. నేనూ పరుగెత్తి, కాయల మీద కప్పే పట్టా కొస పట్టుకున్నాను. గాలికి అది లేచిపోతుంటే దాని మీద బోర్లా పడ్డాను.

"మార్క్!"

ఈసారి 'గారు' లేదు. తలెత్తి చూశాను. అందరూ పరుగులు పెడుతున్న ఆ వానలో ఆమె ఒక్కతే ఆగి, తలుపుని బొటనవేలితో ఆపుతూ మెల్లగా, మెల్లగా తెరుస్తోంది. రోల్ తిప్పింది. లెన్స్ చుట్టూ ఉన్న రింగ్ తిప్పింది. వానకి ఘాటు అణిగింది, తుమ్ము రాలేదు. క్లిక్.

సాయంత్రం మహిమ వాళ్లింట్లో, టీచరైన వాళ్లమ్మగారు ఇచ్చిన టీ చల్లారిపోతోంది. మహిమ బాత్‌రూమ్‌లో ఫిల్ము కడిగి, తడి నెగటివ్‌ని కిటికీ దగ్గర పట్టుకుంది. ఆఖరి ఫోటోలో నా కనురెప్పల మీది వాన చుక్కలు కూడా తెలుస్తున్నాయి.

"అమ్మయ్య! నడిమధ్య కూడా బాగుంది," అన్నాను. తర్వాత అనుమానం వచ్చింది. "కానీ ముందున్న మిరపకాయలన్నీ మసకేనండీ. నేనొక్కడినే తేటగా ఉన్నాను. మళ్లీ తిత్తి తప్పా?"

"కాదు. ఎంత దూరంలో ఉన్నదాని మీద ఫోకస్ పెట్టాలో రింగ్ తిప్పి మనమే చెప్పాలి."

"అయితే కాయల మీద పెట్టాల్సింది కదా?"

"తెలుసు," అంది కిటికీలోంచి బయటికి చూస్తూ. చెవులు మాత్రం మిరపకాయల్లా ఎర్రబడ్డాయి.

చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాను.

ఆ ఫోటో మహిమ రాత్రే పంపించింది. సోమవారం పొద్దున్న ఆమె మా కొట్లో ఉండగానే శరణ్య ఫోన్ వచ్చింది. మహిమ స్పీకర్ పెట్టింది. "కెమెరా ఓకే. డబ్బు పెడుతున్నా. కానీ మహిమా, బెంగళూరు వచ్చెయ్యవే, ఇక్కడ అన్నీ దొరుకుతాయి."

"అన్నీ దొరకవక్కా. వర్క్‌షాప్ గుంటూరులోనే."

"ఫోటోలో ఉన్న అబ్బాయి ఎవరు?"

మహిమ నా వంక చూసింది. "ఆయన కోసమే గుంటూరు," అని ఫోన్ పెట్టేసింది.

నా గుండె హార్మోనియం మెట్లన్నీ ఒకేసారి నొక్కినట్టు మోగింది. "మహిమా, నేను, నాకు కూడా, మొదటి రోజే..." అంటూ గడగడా మొదలుపెట్టాను.

"నెమ్మదిగా," అంది నవ్వుతూ. "తొందరపడి తెరిస్తే ఏమవుతుందో చూశాం కదా?"

ఊపిరి పీల్చుకున్నాను. ఆమె చెయ్యి పట్టుకుని, నెమ్మదిగానే చెప్పాను. ఈసారి ఆమె వదల్లేదు.