రెండు రోజుల మధ్య మాట

"మాత్ర ఎలా వెయ్యాలో డాక్టర్ ఒక్క ముక్క కూడా చెప్పలేదు."

నాన్న పళ్ళు కొరుకుతూ ఫిర్యాదు కాగితం మీద రాస్తున్నాడు. అది చదవగానే పక్కనున్న కూతురు రేడియో గుండెల్లో రాయి పడింది.

తలుపు అవతల ఆసుపత్రి మంచం మీద తాతయ్య ఉన్నాడు. రక్తం పలచబరిచే మాత్ర ఎక్కువై తలలో రక్తం కారిందట. నిన్నటి నుంచి కళ్ళు తెరవలేదు.

తాతయ్యకు చెవుడు. ఎవరేమన్నా మనవరాలే ఆయన చెవిలో అరిచి చెబుతుంది. అందుకే ఇంట్లో దాని పేరు రేడియో!

పది రోజుల కిందట ఇదే ఆసుపత్రికి వచ్చినప్పుడు, నాన్న బండి పెట్టి వచ్చేలోపే తాతా మనవరాళ్ళ నంబరు పిలిచారు. డాక్టరమ్మ కంప్యూటర్ చూస్తూ గడగడా చెప్పుకుపోయింది. రేడియో కళ్ళేమో గాజు తొట్టిలోని ఎర్ర చేప మీదే. "రోజు" అని వినపడింది. మళ్ళీ "రోజు" అని వినపడింది. మధ్యలో మాటేదో జారిపోయింది.

"అర్థమైందా?"

"ఓ!" అంది రేడియో. కాలేదంటే పరువు పోదూ మరి!

బయటికొచ్చి, "రోజూ వెయ్యాలంట తాతయ్యా!" అని అరిచింది. చీటీ చూద్దామంటే అన్నీ గీతలే.

"రాయకు నాన్నా," అంది ఇప్పుడు, వెక్కుతూ. "రోజు విడిచి రోజు అన్నారేమో. నేనే వినలేదు. విన్నానని అబద్ధం చెప్పా."

నాన్న మొహం పాలిపోయింది. ఆ వాక్యం కొట్టేసి, "చెప్పారు. పాపకు అర్థమైందో లేదో చూడలేదు" అని రాశాడు.

ఆ కాగితం చదివి డాక్టరమ్మ రేడియో పక్కనే కూలబడింది. "నిజమేనమ్మా. నీ మొహం కూడా చూడలేదు నేను."

మూడో రోజు తాతయ్య కళ్ళు తెరిచాడు. ఎడమ చెయ్యి మాత్రం లేవలేదు. డాక్టరమ్మ మంచం దగ్గర నిలబడి చెప్పడం మొదలుపెట్టింది.

"ఆగండి డాక్టర్ గారూ," అంది రేడియో. "నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని మెల్లగా చెప్పింది. రేడియో అంతా తిరిగి అప్పజెప్పింది. తర్వాత తాతయ్య చెవి దగ్గర వంగింది.

"పాత మాత్ర మానెయ్యాలంట తాతయ్యా! కొత్తది పొద్దున ఒక్కటే! చెయ్యి... చెయ్యి మళ్ళీ లేస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేరంట!"

ఒక్క మాట కూడా వదల్లేదు. తాతయ్య మెల్లగా తలూపాడు.

"తలూపితే కాదు," అని చెవిలో అరిచింది రేడియో కళ్ళు తుడుచుకుంటూ. "ఏం విన్నావో ఇప్పుడు నువ్వు చెప్పు."