తడవదట

చంపేవాళ్ళకు జాలి లేకపోతే పోనీ, చోటు ఎంచుకోవడంలోనైనా కాస్త శుభ్రత ఉండాలి. ఆ ఇంజనీరును మాత్రం హార్బర్ గేటు పక్కనున్న పబ్లిక్ టాయిలెట్‌లో కాల్చి చంపారు. నీళ్ళ మొహం చూసి ఎన్నాళ్ళయిందో తెలియని టాయిలెట్ అది. సైలెన్సర్ బిగించిన పిస్టల్‌తో మెడ వెనక ఒకే ఒక్క బులెట్. తల వాష్‌బేసిన్‌లో వాలి ఉంది. గోడ మీద ఎవడో ఉమ్మిన మరక, నేల మీద రక్తం, రెండూ ఒకే రంగులో ఉన్నాయి.

గూఢచారి ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని లోపలికి అడుగుపెట్టాడు. సెక్షన్‌లో అతని కోడ్ నేమ్ చీదర. తలుపు హ్యాండిల్‌ను మోచేత్తో తిప్పేవాడికి, ఎదుటివాళ్ళు చెయ్యి చాపితే దణ్ణం పెట్టి తప్పించుకునేవాడికి ఇంకే పేరు పెడతారు? కణతకు తుపాకీ ఆనించినా బెదరడు గానీ, ఇంకొకరు తాగిన గ్లాసులో నీళ్ళిస్తే ఆ పూట భోజనం మానేస్తాడు.

చెవిలోని బుల్లి రిసీవర్ గరగరలాడింది. అవతల ఉన్నది సెక్షన్ చీఫ్.

"చూశావా?"

"చూశాను సార్. ఒక్క నిమిషం. కడుపులో తిప్పుతోంది."

"తర్వాత తిప్పుకోవచ్చు, ముందు విను. ఈ ఇంజనీరు పొద్దున మన కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశాడు. తన కంపెనీ కొత్త కెమెరాల్లో ఒకటి ఉండాల్సినదానికంటే బరువుగా ఉందన్నాడు. నేరుగా వచ్చి చెబుతానన్నాడు. ఇదిగో, ఇలా దొరికాడు."

"ఏ కెమెరా సార్?"

"ఇవాళ అక్కడే, హార్బర్‌లోనే రిలీజవుతోంది. కాంపాక్ట్ మిర్రర్‌లెస్. అరచేతిలో ఇమిడిపోతుందట. చెయ్యి వణికినా ఫోటో చెదరదట. పరిగెత్తేవాడి కన్ను కూడా పట్టుకుని ఫోకస్ చేస్తుందట. రెండు మెమరీ కార్డులు పడతాయట. అన్నిటికంటే పెద్ద విషయం, వెదర్ రెసిస్టెన్స్. దుమ్ము దూరదట, వానలో తడవదట."

"ఇన్ని అటలా?"

"మార్కెట్లోకి రాలేదు కదయ్యా. అన్నీ ఇంటర్నెట్‌లో ఊహాగానాలే. కెమెరా సంగతి వదిలెయ్. ఇవాళ జెట్టీ మీద పొరుగు దేశంతో చేపల వేట ఒప్పందం. వాళ్ళ రాయబారి సంతకం పెడతాడు. కెమెరా కంపెనీ స్పాన్సర్, అందుకని ఆ ఫోటో కొత్త కెమెరాతోనే తీయాలి. మూడో దేశపు ముఠా ఒకటి ఆ రాయబారి మీద కన్నేసింది. ఆయన మన గడ్డ మీద పోతే ఈ రెండు దేశాలూ కొట్టుకు చస్తాయి. సముద్రం వాళ్ళకి మిగులుతుంది."

"అంటే బరువైన ఆ కెమెరాలో..."

"బాంబు ఉందనే అనుమానం. ఎందులో ఉందో తెలీదు. ఇంకో మాట. ఫోటో తీసేది మీ చెల్లెలు."

చీదర జేబురుమాలు కిందికి దించేశాడు. ఆ కంపు అతనికి ఆ క్షణాన తెలియలేదు.

అతని చెల్లెలు పత్రికలో ఫోటోగ్రాఫర్. అన్నయ్య శానిటరీ ఇన్‌స్పెక్టర్ అని ఆమె నమ్మకం. నమ్మక ఛస్తుందా, ఇంటికొచ్చినప్పుడల్లా వంటింటి గట్టు వేలితో రాసి చూసే మనిషిని.

"ఆమెను పక్కకి పంపించేయండి సార్."

"ఫోటోగ్రాఫర్‌ని మార్చామంటే ముఠా జాగ్రత్తపడుతుంది. బాంబు ఇంకో చోట పేలుతుంది. నువ్వు కెమెరా రివ్యూయర్ వేషంలో వెళ్ళు. అక్కడ మన మనిషి హంస ఉంది. కలువు."

వేషం అంటే సెక్షన్ స్టోర్ నుంచి వచ్చిన జాకెట్. ఒంటి నిండా జేబులే. అంతకుముందు దాన్ని వేసుకున్న ఏజెంటుకు చెమట ఎక్కువని వేసుకోగానే తెలిసింది. దానితోపాటు ల్యాబ్ వాళ్ళు ఒక పెన్ను ఇచ్చారు. పేలుడు పదార్థం దగ్గరికొస్తే అది వణుకుతుంది. ఫినాయిల్‌కీ వణుకుతుంది, షూ పాలిష్‌కీ వణుకుతుంది. దాన్ని నమ్ముకున్న ఒక ఏజెంటు చెప్పుల షాపు ఒకటి మొత్తం ఖాళీ చేయించాడు.

జెట్టీకి ఇవతల పెద్ద టెంటు వేశారు. కంపెనీ పబ్లిసిటీ మేనేజరు ఎదురొచ్చి, దణ్ణం పెట్టే వ్యవధి కూడా ఇవ్వకుండా చెయ్యి పట్టుకున్నాడు. తడిచెయ్యి. అప్పుడే ఏదో తిని, తుడుచుకోని చెయ్యి. కంపెనీవాళ్ళలో చీదర ఎవరో తెలిసింది అతనొక్కడికే.

"సార్, ఆ బాడీ సంగతి..." మేనేజరు గొంతు తగ్గించాడు. "లంచ్‌కి ముందే వెనక గేటు నుంచి తీసుకెళ్ళిపోతారా? అతిథులున్నారు, బాగోదు."

"మీ దగ్గర పనిచేసిన మనిషేగా?"

"మంచివాడే సార్. కానీ ఇవాళే పోవాలా?"

చీదర తన చెయ్యి రుమాలుతో గట్టిగా తుడుచుకున్నాడు. అతను బల్ల మీదున్న డిస్‌ప్లే కెమెరాను రుమాలుతో పట్టుకుని, అడుగున బ్యాటరీ మూత తెరిచాడు. నీళ్ళు దిగకుండా మూత అంచున రబ్బరు పట్టీ ఉండాలి. కానీ అక్కడ ప్లాస్టిక్ గాడి తప్ప ఏమీ లేదు.

"రబ్బరేది?"

"డిజైన్‌లో ఉండేది సార్. ఖర్చు తగ్గించమని పైనుంచి ఆర్డరొచ్చింది. తీసేశాం. పోయిన ఇంజనీరు దాని మీదే మాతో రోజూ గొడవపడేవాడు."

"మరి వానలో తడవదని ఊరంతా చెప్పుకుంటున్నారే?"

"మేమెక్కడ చెప్పాం సార్? ఇంటర్నెట్ చెప్పింది. మేం కాదనలేదు, అంతే."

"సంతకాలయ్యాక, ఆ ఫోటో తీసిన కెమెరానే రాయబారి ముందు షవర్ కింద పెట్టి డెమో చూపిస్తారటగా?"

"సన్నటి షవర్ సార్. పట్టామా, తీశామా, తుడిచేశామా. లోపలికి దిగే టైమే ఇవ్వం."

చీదరకు ఈ మనిషికంటే ఆ టాయిలెట్టే నయమనిపించింది. అది శుభ్రంగా ఉన్నానని ఎవరికీ చెప్పుకోలేదు.

అప్పుడే హంస కనిపించింది. కెమెరాకు బ్రాండ్ అంబాసిడర్. తెల్లటి గౌను వేసుకుంది. ఆమె నడుస్తుంటే వెయిటర్లు ట్రేలు పట్టుకుని ఆగిపోతున్నారు. ముఠాలో చేరి, ముఠా గుట్టు సెక్షన్‌కు చేరవేసే మనిషి. ఆమె పంపిన సమాచారం ఇంతవరకూ తప్పు పోలేదు.

చీదర దగ్గరికెళ్ళి కోడ్ చెప్పాడు. "మిర్రర్‌లెస్ అంటున్నారు. అద్దం లేకుండా ఎలా బతుకుతారండీ?"

"నన్ను చూసేవాళ్ళ కళ్ళే నాకు అద్దాలు," అందామె.

ఈ కోడ్ రాసినవాడిని సర్వీసులోంచి తీసేయాలని చీదర అనుకున్నాడు. జేబులో పెన్ను సన్నగా వణికింది. ఆమె పూసుకున్న సెంటుకు పెన్నేమిటి, ఎవరైనా వణుకుతారని దాన్ని పట్టించుకోలేదు.

"బాంబు కెమెరాలో లేదు," హంస పెదవులు కదపకుండా గుసగుసలాడింది. "అది మనల్ని తప్పుదోవ పట్టించడానికి. వేదిక పక్కన పూలకుండీలున్నాయి. వాటిలో చూడమనండి."

చీదర కాలర్‌లోని మైకులో చీఫ్‌కు చెప్పాడు. మారువేషాల్లో ఉన్న బాంబు స్క్వాడ్ కుండీల వైపు కదిలింది. ఇక కాసేపు చేయాల్సిన పనేమీ లేదు. మనసులో ఉన్నది ఎవరితోనైనా కక్కేయకపోతే అతనికి ఊపిరాడేలా లేదు.

"ఛీ, ఏం మనుషులండీ! అక్కడ ఒకడు చచ్చి పడుంటే లంచ్‌కి అడ్డమంటాడు. పైగా అంతా బూటకం. వెదర్ రెసిస్టెన్స్ లేదు, పాడూ లేదు. రబ్బరు పట్టీ అనేదే వెయ్యలేదట. ఒక్క చినుకు పడితే చాలు, నేరుగా లోపలికి దిగుతుంది."

హంస చేతిలోని గ్లాసు ఒరిగిపోయింది. రెండో చెయ్యి తెలియకుండానే మెడ దగ్గరికి వెళ్ళింది.

"పట్టీ లేదా?"

"లేదు."

"పొద్దున్నుంచి అలల పక్కన నిలబెట్టి నాతో ఫోటోషూట్ చేయించారు! తుంపర మీద పడుతుంటే దాన్ని మెళ్ళో వేసుకుని నవ్వుతూ నించున్నాను! తడవదన్నారు వెధవలు!"

ఆ మాట నోరు జారాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. చీదరకు ముందే తెలిసిపోయింది. గంట క్రితం వేదిక మీద, అందరి చప్పట్ల మధ్య, హంస తన మెడలోని కెమెరా తీసి ఎవరి మెడలో వేసిందో టెంటులో అడుగుపెట్టినప్పటినుంచి అతను వింటూనే ఉన్నాడు.

"మొత్తం చెప్పు," అన్నాడు. 'మీరు' ఎటు పోయిందో పోయింది.

"బాంబు గ్రిప్ లోపల, చేత్తో పట్టుకునే చోట ఉంది. నీళ్ళు తగిలితే పేలుతుంది. డెమోకి ముందు బ్యాటరీ మూత కొంచెం తీసి నేను తప్పుకోవాలి. అంతవరకు ఏం కాదన్నారు."

"దాన్ని పట్టుకున్నది మా చెల్లెలు."

"నిజంగా నాకు తెలీదు! మీ చెల్లెలని తెలిస్తే..."

"ఎవరో ఒకరి చెల్లెలైతే ఫరవాలేదా?"

టెంటు గుడ్డ మీద టప్పున ఒక చినుకు పడింది. దాని వెనకే ఇంకొకటి.

చీదర మైకులో "హంస మనది కాదు, పట్టుకోండి," అని అరుస్తూ పరుగెత్తాడు. బఫే బల్ల అడ్డమొస్తే దాని మీదికెక్కి దూకాడు. పదిమంది ఎంగిలి ప్లేట్లలో కాళ్ళు పడ్డాయి. జెట్టీ మీద చేపల నీళ్ళు, పొలుసులు. జారిపడ్డాడు, లేచాడు. పూలకుండీల చుట్టూ బాంబు స్క్వాడ్ మోకాళ్ళ మీద కూర్చుని మట్టి తవ్వుతోంది.

జెట్టీ చివర వేదిక మీద రాయబారి పెన్ను తీస్తున్నాడు. ఆయనకు నాలుగడుగుల దూరంలో చెల్లెలు కెమెరా కంటికి ఆనించుకుని నిలబడి ఉంది. మిగతా ఫోటోగ్రాఫర్లందరూ కెమెరాలను ప్లాస్టిక్ కవర్లలో దాచుకుంటున్నారు. ఆమె ఒక్కతే ఒంటికి రెయిన్‌కోటు, చేతిలో కప్పని కెమెరాతో హాయిగా వానలో నిలబడింది.

"కెమెరా కప్పు! కప్పేయ్!"

"అన్నయ్యా? నువ్వేంటి ఇక్కడ?" ఆమె నవ్వింది. "కంగారుపడకు, ఇది తడవదు!"

ఆ మాట వినగానే అతనికి ఒళ్ళు మండిపోయింది. ఆమె మెడలోంచి కెమెరా తాడును లాగేశాడు. జుట్టు చిక్కుకుంటే దాంతోపాటే లాగాడు. ఆమె కెవ్వుమంది. అతని చేతిలో కెమెరా గ్రిప్ వెచ్చగా ఉంది. లోపలినుంచి సన్నగా బుస్సుమంటోంది. వాన పెరిగింది.

విసిరేద్దామంటే మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు జనం. జాకెట్‌లో చుడదామంటే అది అప్పటికే ముద్దగా తడిసింది. పక్కనే కట్టేసిన మరపడవ దగ్గర మెకానిక్కులు వాడేసిన ఇంజన్ ఆయిల్ పోసుకునే డ్రమ్ము ఉంది. పైన ఒక విరిగిన చెక్క మూత. చీదర మూత తన్నేశాడు. నల్లటి చిక్కటి నూనె, దాని మీద తేలుతున్న సిగరెట్ పీకలు, ఒక చచ్చిన ఎలుక.

ఏ చేత్తో అయితే తన సొంత చెప్పులు కూడా రుమాలుతో పట్టుకునేవాడో, ఆ చెయ్యే భుజం దాకా అందులో ముంచేశాడు.

గుడగుడమంటూ బుడగలు వచ్చాయి. నూనె చెంపకు తగిలింది. అతను కళ్ళు మూసుకున్నాడు. ఒక బుడగ, ఇంకొకటి, తర్వాత ఏమీ లేదు. నీళ్ళను నూనె బయటికి నెట్టేసినట్టుంది. బుస ఆగిపోయింది.

వదలడానికి మాత్రం వీల్లేదు. డ్రమ్ము అడుగున పాత వాననీళ్ళు ఎంత పేరుకుని ఉన్నాయో ఎవరికి తెలుసు? అటు అడుగుకూ తగలకూడదు, ఇటు పైకీ రాకూడదు. చీదర డ్రమ్ము మీదికి బోర్లా వంగి, పై నుంచి వాన పడకుండా ఛాతీతో కప్పేశాడు. ముక్కుకు బెత్తెడు దూరంలో ఎలుక ఉంది.

భద్రతా సిబ్బంది రాయబారిని ఎత్తుకుపోయినంత పని చేశారు. జనం పరుగులు పెట్టారు. చెల్లెలు మాత్రం తన రెయిన్‌కోటు విప్పి డ్రమ్ము మీద కప్పి, అంచులు చేతులతో నొక్కి పట్టుకుంది.

"పో ఇక్కణ్ణుంచి," అన్నాడు చీదర కోటు కిందినుంచి.

"పోను."

"ఇందులో బాంబుంది."

"అర్థమైంది. నేను వదిలేస్తే నీళ్ళు పడతాయి కదా. చెయ్యి కదపకు."

"బుజ్జీ, చెప్పిన మాట విను."

"చిన్నప్పటినుంచి వింటూనే ఉన్నాను. చేతులు కడుక్కో, కాళ్ళు కడుక్కో. ఇవాళొక్క రోజు నువ్వు విను." ఆమె కోటు అంచులు ఇంకా గట్టిగా నొక్కింది. "అన్నయ్యా, శానిటరీ ఇన్‌స్పెక్టర్లకి ఇలాంటి డ్యూటీలు కూడా ఉంటాయా?"

"మురికి ఎక్కడుంటే అక్కడ ఉంటాయి."

బాంబు స్క్వాడ్ చేతులకు అంటిన మట్టి కడుక్కునే తీరిక కూడా లేకుండా వచ్చి, కొత్త నూనె పోసిన డబ్బాలోకి ఆ కెమెరాను మార్చుకుని వెళ్ళేసరికి అతని భుజం కొయ్యబారిపోయింది. చెల్లెలు అతన్ని పట్టుకుని భోరుమంది. ఆమె చొక్కా నిండా నల్లటి నూనె అంటింది. అతను పక్కకి జరగమనలేదు.

టెంటు వెనక బట్టలు మార్చుకుని పారిపోబోతూ హంస దొరికింది. ఆమెతో పాటు ముఠాలో నలుగురి పేర్లూ దొరికాయి, ఇంజనీరును చంపినవాడితో సహా. వాన తగ్గాక రాయబారి టెంటులోనే సంతకం పెట్టాడు. చెల్లెలు ఆ ఫోటోను తన సెల్‌ఫోన్‌తో తీసింది.

మర్నాడు చీదర బాత్‌రూమ్‌లో మూడో సబ్బు అరగదీస్తుండగా చీఫ్ ఫోన్ చేశాడు.

"శభాషయ్యా! పైవాళ్ళు చాలా సంతోషించారు. అన్నట్టు, మన ఏజెంట్లందరికీ ఆ కెమెరాలే ఆర్డర్ చేశారు."

"ఏ కెమెరాలు సార్?"

"అవే. కంపెనీ ఇవాళ ప్రకటన ఇచ్చింది, చూడలేదా? లోపల బాంబున్నా, ఇంజన్ ఆయిల్‌లో ముంచినా చెక్కు చెదరలేదట!"

చీదర ఫోన్ పెట్టేసి నాలుగో సబ్బు విప్పాడు.